మెల్‌బోర్న్‌లో ఉద్యోగం రాకముందే ఇల్లు: ఏ సబర్బ్‌లో అద్దెకు దిగాలి?

2018 జూలైలో మేము మెల్‌బోర్న్‌లో దిగేనాటికి నాకు ఉద్యోగం లేదు. ఇల్లు మాత్రం పది రోజుల్లోనే దొరికింది, టార్నీట్‌లో. మా బావమరిది రెండు వీధుల అవతల ఉంటాడు, అద్దె తక్కువ, ఇల్లు కొత్తది, పక్కింటివాళ్లు నెల్లూరువాళ్లు. ఇంతకన్నా ఏం కావాలి అనుకుని పన్నెండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాను. మూడో నెలలో ఉద్యోగం వచ్చింది, ముల్‌గ్రేవ్‌లో. మెల్‌బోర్న్ పటం తెలిసినవాళ్లకు ఇక చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: టార్నీట్ నగరానికి పడమటి కొస, ముల్‌గ్రేవ్ ఆగ్నేయ దిక్కు. ఇంటినుంచి స్టేషనుకు, అక్కడినుంచి నగర కేంద్రంలోని సదరన్ క్రాస్ స్టేషనుకు ఒక రైలు, గ్లెన్ వేవర్లీకి మరో రైలు, ఆపైన బస్సు. వెళ్లడానికి దాదాపు రెండు గంటలు, రావడానికి మరో రెండు. ఒప్పందం ముగియడానికి ఇంకా తొమ్మిది నెలలు.

ఆ తొమ్మిది నెలల్లో రైలులో నిలబడి ఆలోచించుకున్నదే ఈ వ్యాసం. తర్వాత ఇండియానుంచి వచ్చిన బంధుమిత్రులు చాలామందికి ఇదే పద్ధతి చెప్పాను. ఉద్యోగం ఎక్కడ వస్తుందో తెలియనప్పుడు దానికి దగ్గరగా ఇల్లు వెతకడం కుదరదు. రాగల ఉద్యోగాల్లో ఎక్కువ వాటికి గంటలోపు చేరగల చోటు వెతకవచ్చు. ఈ రెండో పని లెక్కతో చేయదగినది.

అన్నిటికన్నా ముందు వీసా కాగితం

ఇది ఒక్క నిమిషం పని, కానీ తప్పితే మిగతాదంతా వృథా. 189 (ఏ రాష్ట్రం నామినేషనూ అక్కర్లేని నైపుణ్య వీసా) అయితే దేశంలో ఎక్కడైనా ఉండవచ్చు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రపు నామినేషన్‌తో 190 వీసా వచ్చినవాళ్లు ఈ రాష్ట్రంలో ఉంటామని మాట ఇచ్చి వచ్చినవాళ్లు. 491 అనే ప్రాంతీయ వీసా వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఆ వీసాకు మెల్‌బోర్న్ మహానగరం లెక్కలోకి రాదు. జీలాంగ్, బల్లారట్, బెండిగో వంటి ఊళ్లు వస్తాయి. చుట్టాలున్నారని 491 మీద టార్నీట్‌లో కాపురం పెట్టడం కుదరదు. జీలాంగ్ వెళ్లదలచినవాళ్లకు కూడా కింద చెప్పే పద్ధతి పనికొస్తుంది, పటం మాత్రమే మారుతుంది.

మొదటి అడుగు: నలభై ప్రకటనలు లెక్కపెట్టడం

విమానం ఎక్కకముందే ఇంట్లో కూర్చుని చేయగల పని ఇది. ఎవరూ చేయరు. సీక్ అనే ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైటు తెరవండి. మీ వృత్తి పేరు కొట్టి, మెల్‌బోర్న్ ఎంచుకోండి. ఇటీవలి ప్రకటనల్లో మీరు నిజంగా దరఖాస్తు చేయగల నలభై తీయండి. మీ అనుభవానికి తగినవి, మీ వీసాతో కుదిరేవి మాత్రమే. పౌరసత్వం అడిగే ప్రభుత్వ రక్షణ ఉద్యోగాలు పక్కన పెట్టేయండి. ఒక్కో ప్రకటన ఎదురుగా పనిచేసే చోటు రాయండి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. చాలా ప్రకటనల్లో మెల్‌బోర్న్ అని మాత్రమే ఉంటుంది. అప్పుడు కంపెనీ పేరు పట్టుకుని దాని ఆఫీసు చిరునామా వెతకాలి. కంపెనీ పేరు లేకుండా రిక్రూటర్ పెట్టినదైతే వదిలేయండి. రెండోది, సీక్‌లో నగర కేంద్రం, పశ్చిమ, ఉత్తర, తూర్పు, ఆగ్నేయ సబర్బులు అని విభాగాలు ఉంటాయి. ఆ విభాగాలు మరీ విశాలం. ఆగ్నేయం అంటే క్లేటన్ కావచ్చు, నలభై కిలోమీటర్ల అవతలి ఊరూ కావచ్చు. కాబట్టి సబర్బ్ పేరే రాయండి.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒకరికి ఈ లెక్క ఎలా ఉండవచ్చో ఊహించుకుందాం. నలభైలో నగర కేంద్రం, డాక్‌లాండ్స్, సౌత్‌బ్యాంక్ కలిపి 22. ముల్‌గ్రేవ్, క్లేటన్ వైపు 7. రిచ్‌మండ్, క్రెమోర్న్ 5. బాక్స్‌హిల్, హాథార్న్ 3. పడమటి వైపు 3. ఈ ఒక్క పట్టిక చూస్తేనే నాకు 2018లో కళ్లు తెరుచుకునేవి. పడమర తిరిగి కూర్చున్నాను, ఉద్యోగాలేమో తూర్పున ఉన్నాయి.

వృత్తి మారితే పట్టిక తలకిందులవుతుంది. నర్సులకు నగర కేంద్రం ముఖ్యం కాదు. రాయల్ మెల్‌బోర్న్, రాయల్ విమెన్స్, రాయల్ చిల్డ్రన్స్, పీటర్ మెకలమ్ ఆసుపత్రులు నాలుగూ ఉన్న పార్క్‌విల్, మొనాష్ మెడికల్ సెంటర్ ఉన్న క్లేటన్, ఆస్టిన్ ఆసుపత్రి ఉన్న హైడల్‌బర్గ్, ఆల్‌ఫ్రెడ్ ఉన్న ప్రహ్రాన్, ఇంకా బాక్స్‌హిల్, సన్‌షైన్, వెరిబీ ముఖ్యం. మెకానికల్, తయారీ రంగం వాళ్లకు డాండినాంగ్ సౌత్ పెద్ద దిక్కు. గిడ్డంగులు, సరకు రవాణా పనులు ట్రుగనీనా, డెరిమట్, లావర్టన్ నార్త్ చుట్టూ ఎక్కువ. అంటే గిడ్డంగిలో పని చూసుకునేవాడికి టార్నీట్ మంచి ఎంపికే. నాకు చేటు చేసిన సబర్బే మరొకరికి మేలు చేస్తుంది. అందుకే ఏ సబర్బ్ మంచిది అని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పను, పట్టిక చూపించమంటాను.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం వెతుకుతుంటే రెండు పట్టికలు వేయాలి. చాలా ఇళ్లల్లో భర్త పట్టికతో ఇల్లు తీసుకుని, భార్యకు దగ్గర్లో ఏదో ఒకటి దొరుకుతుందిలే అని వదిలేస్తారు. ఎవరికి ముందు ఉద్యోగం వస్తుందో అప్పటికి ఇద్దరికీ తెలియదు. మా ఇంట్లో ముందు వచ్చింది నాకు కాదు.

రెండో అడుగు: రైలు పటం మీద వేలు పెట్టడం

మెల్‌బోర్న్ రైలు పటం గొడుగు ఊచల్లా ఉంటుంది. లైన్లన్నీ నగర కేంద్రంలో కలుస్తాయి. ఒక ఊచ కొసనుంచి పక్క ఊచ కొసకు వెళ్లాలంటే నడిబొడ్డుదాకా వచ్చి మళ్లీ వెళ్లాలి. కొసన ఇల్లు తీసుకోవడం అంటే మిగతా ఊచలన్నిటికీ దూరం కావడం. నగరానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో రెండు మూడు లైన్లు కలిసే స్టేషను దగ్గర ఉంటే, ఏ ఊచ మీద ఉద్యోగం వచ్చినా బతికిపోతారు.

అలాంటి స్టేషన్లకు నా దృష్టిలో మొదటి ఉదాహరణ ఫుట్‌స్క్రే. వెరిబీ, విలియమ్స్‌టౌన్, సన్‌బరీ లైన్లు మూడూ అక్కడ ఆగుతాయి. జీలాంగ్, బల్లారట్ వైపునుంచి వచ్చే వీలైన్ ప్రాంతీయ రైళ్లూ ఆగుతాయి. ఇంకా కొంచెం పడమరగా సన్‌షైన్, అటు ఆగ్నేయంలో కాల్‌ఫీల్డ్, క్లేటన్, డాండినాంగ్ ఇలాంటివే. ఊచ కొసన ఉన్నవాటికి ఉదాహరణలు టార్నీట్, క్రేగీబర్న్, ప్యాకెన్‌హామ్.

పాత సలహాలు ఇప్పుడు ఒకచోట చెల్లవు. 2025 నవంబరు చివర మెట్రో టన్నెల్ అనే కొత్త రైలు సొరంగం తెరిచారు. ఆర్డెన్, పార్క్‌విల్, స్టేట్ లైబ్రరీ, టౌన్ హాల్, యాన్‌జాక్ అనే ఐదు కొత్త స్టేషన్లు వచ్చాయి. 2026 ఫిబ్రవరినుంచి సన్‌బరీ లైను రైళ్లు ఆ సొరంగం గుండా నేరుగా క్రాన్‌బోర్న్, ప్యాకెన్‌హామ్ లైన్లలోకి వెళుతున్నాయి. అంటే సన్‌షైన్‌లో ఎక్కినవాళ్లు రైలు మారకుండా క్లేటన్‌లో దిగవచ్చు. క్లేటన్‌లో ఉండే నర్సు పార్క్‌విల్ ఆసుపత్రులకు ఒకే రైలులో వెళ్లవచ్చు. పడమర ఆసుపత్రి, ఆగ్నేయం ఆసుపత్రి అని తేల్చుకోలేక నలిగేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఆ రైళ్లు ఇప్పుడు రిచ్‌మండ్, సదరన్ క్రాస్ మీదుగా పోవు. క్లేటన్‌నుంచి రిచ్‌మండ్ పక్కనున్న క్రెమోర్న్ ఆఫీసులకు వెళ్లాలంటే కాల్‌ఫీల్డ్‌లో దిగి ఫ్రాంక్‌స్టన్ లైను పట్టుకోవాలి. డాక్‌లాండ్స్ వెళ్లేవాళ్లూ ఎక్కడో ఒకచోట మారక తప్పదు. ఐదేళ్ల కిందట క్లేటన్‌లో ఉన్న మిత్రుడు ఒకే రైలు చాలు అంటే, ఆయన చెప్పేది అప్పటి సంగతి.

టార్నీట్ గురించి ఇంకొక్క మాట. అక్కడి స్టేషను 2015 జూన్‌లో తెరిచిన ప్రాంతీయ రైలు మార్గం మీద ఉంది. నగరపు విద్యుత్ రైళ్లు అక్కడికి రావు. వచ్చేవి జీలాంగ్‌నుంచి వచ్చే వీలైన్ డీజిల్ రైళ్లు. పొద్దున పూట అవి సగం నిండి వస్తాయి. అదే ప్రాంతంలో విలియమ్స్ ల్యాండింగ్, హాపర్స్ క్రాసింగ్, వెరిబీ స్టేషన్లు విద్యుత్ లైను మీద ఉన్నాయి. పాయింట్ కుక్‌కు సొంత స్టేషను లేదు, విలియమ్స్ ల్యాండింగ్‌దాకా బస్సో కారో కావాలి. మనవాళ్లు ఈ పేర్లన్నిటినీ ఒకే గంపలో వేసి పడమర అంటారు. పొద్దున్న ఏడింటికి చూస్తే అవి వేర్వేరు ఊళ్లు.

మూడో అడుగు: గంట గీత

ఇప్పుడు మూడు నాలుగు సబర్బులు ఎంచుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఒక్కో సబర్బ్ స్టేషనునుంచి మీ పట్టికలోని ఒక్కో పనిచోటుకు ప్రయాణ సమయం చూడండి. మంగళవారం పొద్దున 8:45కి చేరాలి అని పెట్టి చూడాలి. ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే వచ్చే సమయం మిమ్మల్ని మోసం చేస్తుంది. దానికి ఇంటినుంచి స్టేషనుకు నడక, అటు స్టేషనునుంచి ఆఫీసుకు నడక కలపండి. రైలు మారాల్సిన ప్రతిచోటా పది నిమిషాలు కలపండి.

పై ఊహా పట్టికలో టార్నీట్ స్టేషనుకు నడిచివెళ్లే దూరంలో ఇల్లు దొరికితే నగర కేంద్రం ఉద్యోగాలు 22, పడమటివి కొన్ని గంటలోపు వస్తాయి. తూర్పు, ఆగ్నేయ ఉద్యోగాలు గీత దాటిపోతాయి. ఫుట్‌స్క్రేనుంచి చూస్తే నగరంతోపాటు రిచ్‌మండ్, హాథార్న్ కూడా లోపలికి వస్తాయి. క్లేటన్‌నుంచి ముల్‌గ్రేవ్ వైపు ఏడూ చేతిలో ఉంటాయి, నగరమూ అందుతుంది. పడమటి మూడు మాత్రం పోతాయి. గంటలోపు వచ్చిన ఉద్యోగాలెన్నో ప్రతి సబర్బ్ ఎదుట రాసుకోండి. ఆ అంకెలు అద్దెల పక్కన పెట్టినప్పుడు మాట్లాడతాయి.

ఇంటినుంచి పని చేసే రోజులు కూడా లెక్కించుకోవచ్చు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసు అనే ఉద్యోగాలు చాలా ఉన్నాయి. కానీ మొదటి ఉద్యోగంలో మొదటి మూడు నెలలు రోజూ వెళ్లాల్సి వస్తుందనుకుని గీత గీయండి. కొత్తవాడు ఇంట్లో కూర్చుంటే పని నేర్చుకోవడం కష్టం.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు 8:45 బదులు 5:45 అని పెట్టి చూడాలి. ఉదయం ఆరింటి షిఫ్టుకు మొదటి రైలు అందదేమో, గిడ్డంగుల ప్రాంతానికి ఆ వేళ బస్సే ఉండదేమో అక్కడే తెలిసిపోతుంది. ఇలాంటి ఉద్యోగాలకు రైలు పటం పక్కన పెట్టి కారు లెక్క వేయాలి. కారులో కూడా దిక్కు ముఖ్యం. పడమటినుంచి తూర్పుకు పోయేవాళ్లంతా వెస్ట్ గేట్ బ్రిడ్జి దగ్గర కూడతారు. పొద్దున అక్కడ పొడవాటి వరుస. పక్కనే 2025 చివర తెరిచిన రోడ్డు సొరంగానికి టోలు కట్టాలి.

నాలుగో అడుగు: అద్దె అంకె వెనక దాగిన అంకెలు

ఇక్కడ అద్దె వారానికి చెబుతారు, నెలకు కడతారు. కొత్తవాళ్లు నాలుగుతో గుణించి పొరబడతారు. వారానికి 520 డాలర్లంటే నెలకు 2080 కాదు. 520ని ఏడుతో భాగించి, 365తో గుణించి, 12తో భాగిస్తే సుమారు 2260 వస్తుంది. ఏజెంట్లు అడిగేది ఈ అంకె. వారం అద్దె 900 డాలర్లు మించని ఇళ్లకు డిపాజిట్, ఇక్కడ బాండ్ అంటారు, ఒక నెల అద్దెకు మించకూడదు. ముందస్తు అద్దె కూడా నెలకు మించి అడగకూడదు. అంటే ఈ ఇంట్లో అడుగుపెట్టడానికి దాదాపు 4520 డాలర్లు చేతిలో ఉండాలి.

మరో ఇల్లు స్టేషను దగ్గర, వారానికి 600. తేడా 80, ఏడాదికి 4160. ఇది చూసి దూరం ఇల్లే నయం అనుకుంటారు. ఆ దూరపు ఇంట్లో రెండో కారు తప్పనిసరైతే? కారు ధర అటుంచి రిజిస్ట్రేషన్, బీమా, పెట్రోలు, సర్వీసు, టోలు కాగితం మీద వేసుకోండి. మా ఇంట్లో రెండో కారు ఆ 4160ని సునాయాసంగా మింగేసింది.

రైలు ఛార్జీ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. నగరానికి వచ్చిపోయేవాళ్లకు ఇల్లు దగ్గరి ఛార్జీ ప్రాంతం జోన్ 1లో ఉన్నా, దూరపు ప్రాంతం జోన్ 2లో ఉన్నా రోజువారీ గరిష్ఠ ఛార్జీ ఒకటే. 2025లో అది 11 డాలర్లు. కాబట్టి ఛార్జీ మిగులుతుందని దగ్గరగా ఉండనక్కర్లేదు, దూరంగా ఉంటే ఛార్జీ పెరుగుతుందన్న భయమూ వద్దు. ఇక్కడ మీరు కొనేది కాలాన్నే.

కొత్తగా వచ్చిన శాశ్వత నివాసులు నిరుద్యోగ భృతి కోసం సాధారణంగా నాలుగేళ్లు ఆగాలి. కాబట్టి చేతి డబ్బే ఆధారం. నేనైతే ఆరు నెలల అద్దె, బాండ్, తిండి ఖర్చు ముందే పక్కన పెట్టగలిగిన ఇల్లే చూస్తాను. ఉద్యోగం ఆర్నెల్లు రాకపోవడం వింత కాదు. మొదటి నెలలోనే వస్తుందని లెక్క వేసుకుని పెద్ద ఇల్లు తీసుకున్నవాళ్లు మూడో నెలలో తమ చదువుకు తగని పనికి తలవంచడం చూశాను.

మనవాళ్లు ఉన్న చోటు

దీన్ని అడుగుల్లో చేర్చలేదు. తీసిపారేయలేను కూడా.

మొదటి నెలలో పక్కింట్లో తెలుగు వినిపించడం చిన్న విషయం కాదు. మా అబ్బాయికి అర్ధరాత్రి జ్వరం వస్తే కారు తీసి మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ నెల్లూరువాళ్లే. మెంతికూర, గోంగూర, తెలుగు పిల్లల పుట్టినరోజులు, పండగకు పిలిచే ఇళ్లు టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ ప్రాంతంలో పుష్కలం. అటు డాండినాంగ్, క్లేటన్‌లలో కూడా మన సరుకుల దుకాణాలకు కొదవ లేదు. శివవిష్ణు ఆలయం ఆగ్నేయాన కారమ్ డౌన్స్‌లో ఉంది, దుర్గ గుడి పడమట రాక్‌బ్యాంక్‌లో ఉంది. గుడికి వారానికొకసారి వెళతాం, ఆఫీసుకు ఐదుసార్లు. నా తూకం ఇంత మోటుగా ఉంటుంది.

పట్టికలో అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే మనవాళ్లున్న చోటే తీసుకోండి, కళ్లు మూసుకుని. అంకెల్లో పెద్ద తేడా ఉంటే మాత్రం తాత్కాలికంగా మనవాళ్ల దగ్గర గది తీసుకుని, ఇల్లు వేరేచోట చూసుకోండి.

ఐదో అడుగు: పిల్లలుంటే బడి సరిహద్దు

ప్రభుత్వ బడులకు ఇక్కడ జోన్లుంటాయి. ఇల్లు ఏ జోనులో ఉంటే ఆ బడిలో సీటు హక్కుగా వస్తుంది. ఫైండ్ మై స్కూల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చిరునామా కొడితే చెబుతుంది. వీధికి ఇటు ఒక బడి, అటు మరో బడి కావచ్చు. కాబట్టి సబర్బ్ పేరు చూసి ఊహించకండి. పేరున్న బడుల జోన్లలో, ఉదాహరణకు గ్లెన్ వేవర్లీ, బాల్విన్‌లలో, ఇళ్లకు గిరాకీ ఎక్కువ. పిల్లలు ప్రాథమిక బడి వయసులో ఉంటే ఆ గిరాకీ ధర మొదటి ఏడాది కట్టనవసరం లేదని నా అభిప్రాయం. తొమ్మిదో తరగతినుంచి పరీక్షతో సీటిచ్చే సెలెక్టివ్ బడులకు జోనుతో పని లేదు. వాటిలో ఒకటి, సుజాన్ కోరీ, వెరిబీలోనే ఉంది.

ఆరో అడుగు: ముందు గది, తర్వాత ఇల్లు

ఇండియాలో ఉండగానే ఇల్లు ఖాయం చేసుకోకండి. చూడకుండా డబ్బు పంపించమనే ప్రకటన ఎంత బాగున్నా వదిలేయండి. దొంగ ప్రకటనల రూపం ఎప్పుడూ ఒకటే: యజమాని విదేశంలో ఉంటాడు, తాళాలు పోస్టులో వస్తాయి, బాండ్ ముందే కావాలి. విక్టోరియాలో బాండ్ చేరాల్సింది రెసిడెన్షియల్ టెనెన్సీస్ బాండ్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థకు. పది పనిదినాల్లోపు అది అక్కడ జమ కావాలి, మీకు రసీదు రావాలి.

మొదటి మూడు నాలుగు వారాలకు ఒక గది చాలు. ఫ్లాట్‌మేట్స్ వంటి వెబ్‌సైటుల్లోనో తెలిసినవాళ్ల ద్వారానో దొరుకుతుంది. ఆ వారాల్లో పట్టికలో పైకి వచ్చిన రెండు సబర్బులకు ఉత్తుత్తి ఉద్యోగ ప్రయాణం చేయండి. మామూలు పనిరోజు, పొద్దున్నే. నేను తర్వాత చేసిన ఒకటి చెబుతాను. ఆగస్టు, మంగళవారం, 7:20. స్టేషను పార్కింగులో కార్లు అప్పటికే గడ్డి అంచులదాకా ఎక్కించి ఉన్నాయి. సన్నటి వాన. ప్లాట్‌ఫారం మీద అందరూ పైకప్పు ఉన్న ఇరవై అడుగుల్లోకి సర్దుకున్నారు, మిగతా పొడవంతా ఖాళీ. రైలు తలుపు తెరుచుకోగానే ఎవరూ దిగలేదు, ఎక్కడమే. నగరందాకా నిలబడే వెళ్లాను. ఆ సబర్బ్ నా జాబితాలో రెండోది, ఆ పొద్దుటితో నాలుగోదైంది. మ్యాప్‌లో అది 41 నిమిషాలే.

అదే రోజు సాయంత్రం ఏడింటికి స్టేషనునుంచి ఇళ్లవైపు నడిచి చూడండి. దీపాలున్నాయా, కాలిబాట ఉందా, బస్సు ఎన్నింటికి ఆగిపోతుంది. ఒంటరిగా నడవాల్సిన మనిషి నడిచి చెప్పాలి ఇది. భర్త నడిచి పరవాలేదంటే సరిపోదు.

ఏడో అడుగు: జీతం చీటీ లేకుండా దరఖాస్తు

ఇళ్లు చూపించే సమయం పది పదిహేను నిమిషాలే. ఇరవై మంది చెప్పులు విప్పి లోపలికి, బయటికి. ముందుగా వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి, లేకపోతే సమయం మారినా చెప్పరు. ఆ కాసేపట్లో చూడవలసినవి ఇవి: బీరువాల లోపలి మూలల్లో బూజు వాసన, కిటికీ చట్రాల కింద నల్ల మరకలు, హీటరు. ప్రధాన గదిలో స్థిరమైన హీటరు ఉండాలన్నది ఇక్కడి చట్టపు కనీస ప్రమాణం. హీటరు వేయించి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వాస్తు చూసేవాళ్లకు ఒక మనవి. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపునుంచి పోతాడు. ముందుగది ఉత్తరానికి తెరుచుకుంటే జూలై చలిలో మధ్యాహ్నం గదినిండా ఎండ వస్తుంది. తూర్పు గుమ్మం కోసం పట్టుబట్టి దక్షిణపు గదిలో వణికేవాళ్లను ఎరుగుదును.

ఉద్యోగం లేనివాళ్లకు ఇల్లు ఇవ్వరన్నది సగం నిజం. ఏజెంటు చూసేది అద్దె వస్తుందా లేదా అన్నదే. దరఖాస్తులో పెట్టవలసినవి: పాస్‌పోర్టు, వీసా కాగితం, పొదుపు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, ఇండియాలో చివరి మూడు నెలల జీతం చీటీలు, పాత ఇంటి యజమాని ఇంగ్లీషులో రాసిచ్చిన ఉత్తరం, పాత మేనేజరు ఫోను, ఈమెయిలు. ఈ ఉత్తరాలు బయలుదేరేముందే తెచ్చుకోండి, ఇక్కడికి వచ్చాక వారాలు పడుతుంది. వీటితో ఒక పేజీ పరిచయం: ఎవరు మీరు, ఇంట్లో ఎంతమంది, వృత్తి ఏమిటి, ఎన్ని నెలల అద్దె చేతిలో ఉంది. బతిమాలుకోవద్దు, అంకె చెప్పండి. ఇల్లు చూసిన రోజే దరఖాస్తు పంపాలి. ప్రకటనలో ఉన్న అద్దెకన్నా ఎక్కువ అడగడం గానీ మీరు ఇస్తానంటే తీసుకోవడం గానీ ఇప్పుడు ఏజెంటుకు నిషిద్ధం, కాబట్టి పోటీపడి పెంచకండి.

ఒప్పందం దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఆరు నెలలకు ఇస్తారా? పన్నెండు నెలలే మామూలు, కానీ అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకపోతే, మధ్యలో వదిలితే ఏమేం కట్టాలో రాతపూర్వకంగా తెలుసుకుని సంతకం పెట్టండి. నేను అడగలేదు. నాలుగు నెలల తర్వాత అడిగితే ఏజెంటు చాలా మర్యాదగా ఒక కాగితం చూపించాడు, అందులో నా సంతకం ఉంది.

తాళాలు చేతికి వచ్చాక

ఇంటి స్థితి నివేదిక ఇస్తారు. ఐదు పనిదినాల్లో మీ అభ్యంతరాలు రాసి వెనక్కి ఇవ్వాలి. కార్పెట్ మరక, గోడ మీద గీత, పగిలిన టైలు అన్నీ ఫొటో తీయండి. వెళ్లేనాడు బాండ్ కాపాడేది ఈ ఫొటోలే.

లైసెన్సు పని కూడా వెంటనే మొదలుపెట్టండి. శాశ్వత నివాస వీసా మీద వచ్చినవాళ్లు ఇండియా లైసెన్సుతో ఆరు నెలలు నడపవచ్చు, ఆలోపు ఇక్కడి పరీక్షలు పాసవ్వాలి. రైలుకు దూరంగా ఇల్లు తీసుకున్నవాళ్లకు ఈ గడువు ఇంకా ముఖ్యం.

ఉద్యోగం వచ్చిన రోజు పట్టిక మళ్లీ తీయండి. ఈసారి అందులో ఒక్కటే వరుస ఉంటుంది. ప్రయాణం గంటలోపు ఉంటే కదలకండి, ప్రొబేషన్ అయ్యేదాకా అసలే కదలకండి. గంట దాటితే ఒప్పందం చివరి తేదీకి కనీసం 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని క్యాలెండరులో రాసుకోండి. నేను నా నోటీసు ఇచ్చింది 2019 జూన్‌లో, గడువుకు సరిగ్గా 29 రోజుల ముందు, పొద్దుటి రైలులో నిలబడి ఫోనులో టైపు చేసి.